నాలుగు చిన్న ఫంక్షన్లు, పన్నెండు వందల చీరలు

మా బావకి చీరల కొట్టుంది. కిందటి దసరా ముందు 1,200 ఫొటోలు సైట్‌లోకి ఎక్కించే స్క్రిప్ట్ రాసిపెట్టమన్నాడు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశా. ప్రామిస్ అంటే ‘పని అయ్యాక ఫలితమో, ఎర్రరో ఇస్తా’ అనే మాట. అలాంటివన్నీ అయ్యేదాకా ఆగేది ప్రామిస్ డాట్ ఆల్. అన్నిటినీ ఒకేసారి అందులో పడేసి టీకి వెళ్లా. వచ్చేసరికి స్క్రీన్ మీద 429. ‘మరీ ఎక్కువ అడుగుతున్నావు’ అని సర్వర్ చెప్పే మాట అది. ఒక్కటి ఫెయిలైనా ప్రామిస్ డాట్ ఆల్ మొత్తం ఫెయిలంటుంది కాబట్టి ఏవి ఎక్కాయో, ఏవి ఎక్కలేదో కూడా తెలియలేదు. ఆ రాత్రి రాసుకున్న నాలుగు ఫంక్షన్లే, అంటే పేరు పెట్టి పిలిచి వాడుకునే కోడ్ ముక్కలే ఇవి. పేర్లు తెలుగులోనే పెట్టా, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది.

మొదటిది ‘ఆగు’. కొత్త ప్రామిస్ చేసి, దాని రిజాల్వ్‌ని (‘పూర్తయింది’ అని చెప్పే ఫంక్షన్) సెట్‌టైమౌట్‌కి (చెప్పినంతసేపు ఆగి పిలిచే టైమర్) అప్పజెబుతుంది. ఒక్క లైను, అంతే.

రెండోది ‘మళ్లీ’. ఇచ్చిన పని చేసి చూస్తుంది. ఎర్రర్ వస్తే అర సెకను, తర్వాత ఒకటి, తర్వాత రెండు సెకన్లు ఆగుతూ ఇంకో మూడుసార్లు చూస్తుంది. అప్పటికీ కాకపోతే ఆఖరి ఎర్రర్‌ని పైకి విసురుతుంది. రాయడం తేలికే కానీ నేను రెండుచోట్ల బోర్లా పడ్డా. దీనికి ప్రామిస్ ఇవ్వకూడదు, ఫంక్షన్ ఇవ్వాలి. ‘అప్‌లోడ్(ఫొటో)’ అని రాసేశామంటే పని అప్పుడే మొదలైపోయింది. ఫెయిలైన ప్రామిస్‌ని పదిసార్లు అవైట్ చేసినా, అంటే ఫలితం కోసం ఆగినా, అదే ఎర్రర్ వస్తుంది. అందుకే యారో ఫంక్షన్‌లో, అంటే బాణం గుర్తుతో రాసే పొట్టి ఫంక్షన్‌లో చుట్టి పంపాలి. ఇక ట్రై (ఎర్రర్ రావచ్చనుకున్న పని రాసే చోటు) లోపల రిటర్న్ పక్కన అవైట్ తప్పదు. వదిలేస్తే ప్రామిస్ బయటికెళ్లాక ఫెయిలవుతుంది, ఎర్రర్‌ని పట్టుకోవాల్సిన క్యాచ్‌కి కబురే అందదు.

ఇంకోటి. 429 వచ్చినా, 500 (సర్వర్‌లోనే ఏదో తప్పు) వచ్చినా ఫెచ్, అంటే సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫంక్షన్, ఎర్రర్ విసరదు. రెస్పాన్స్‌లో ‘ఓకే’ చూసి, కాకపోతే మనమే విసరాలి. 404కి (అడిగింది అక్కడ లేదు) మళ్లీ ప్రయత్నించడం దండగ. డబ్బు కట్టే రిక్వెస్ట్‌కైతే ‘మళ్లీ’ వాడొద్దు, రెండుసార్లు కట్ అయితే బావకి నేను జవాబు చెప్పలేను.

మూడోది ‘గడువు’. అసలు పనికీ టైమర్‌కీ ముందు ముగిసినదాన్నే తీసుకునే ప్రామిస్ డాట్ రేస్‌తో పోటీ పెడుతుంది. ఓడిన పని మాత్రం ఆగదు, వెనకాల నడుస్తూనే ఉంటుంది. అందుకే ఫెచ్ వరకూ దీన్ని మానేసి, టైమ్ దాటితే రిక్వెస్ట్‌నే ఆపేసే అబార్ట్‌సిగ్నల్ డాట్ టైమౌట్ వాడుతున్నా.

అసలు గండం గట్టెక్కించింది నాలుగోది, ‘కొన్నికొన్ని’. లిస్టు, ఒకేసారి ఎన్ని, చేయాల్సిన పని ఇస్తాం. లోపల ‘తర్వాతిది’ అని ఒక నంబర్, సున్నాతో మొదలు. ఐదంటే ఐదుగురు కూలీలు, అంటే ఒకే అసింక్ ఫంక్షన్‌ని (లోపల అవైట్ వాడగల ఫంక్షన్) ఐదుసార్లు పిలవడం. ఒక్కొక్కరూ ఆ నంబర్ తీసుకుని ఒకటి పెంచి, పని చేసి, ఫలితాన్ని ఫలితాల లిస్టులో అదే నంబర్ గదిలో పెట్టి ఇంకోదానికి వస్తారు. నంబర్ తీసుకోవడానికీ పెంచడానికీ మధ్య అవైట్ లేకపోతే చాలు, ఒకే ఫొటో ఇద్దరి చేతుల్లో పడదు. ఎర్రర్ వస్తే కూలీ ఆగిపోకూడదు. దాన్ని కూడా ఫలితంలాగే గదిలో పెట్టేయాలి. ఐదుగురూ ముగించేదాకా ఆగడానికి ప్రామిస్ డాట్ ఆల్ సరిపోతుంది. దీని బదులు, లిస్టులో ఒక్కోదానికీ ఫంక్షన్‌ని పిలిచే ఫర్‌ఈచ్‌లో అవైట్ పెడదామనుకోకండి, అది ఎవరి కోసమూ ఆగదు.

మళ్లీ నడిపితే ఏడు మిగిలాయి. తెరిచి చూస్తే అవి ఫొటోలే కాదు, బావ ఫోన్‌లో తీసిన వీడియోలు.