కథా రచయిత తన పుస్తకాన్ని స్థానిక సాహిత్య సభల ద్వారా పాఠకులకు చేర్చడం ఎలా?

నవలో కథల సంపుటమో అచ్చయి చేతికి వచ్చిన రోజుతో రచయిత పని పూర్తి కాదు. ప్రచురణ సంస్థ పెద్దదైనా చిన్నదైనా, రచయితే సొంత ఖర్చుతో వేసుకున్నా, కొత్త పుస్తకం గురించి నలుగురికీ తెలిసేలా చేసే భారంలో ఎక్కువ భాగం రచయిత మీదే పడుతుంది. ఆ పనికి ఉన్న మార్గాలన్నిటిలో స్థానిక సాహిత్య కార్యక్రమం చూడటానికి చిన్నదే అయినా ఫలితంలో గట్టిది. అది గ్రంథాలయంలో పుస్తక పరిచయం కావచ్చు, పుస్తకాల దుకాణంలో కథాపఠనం కావచ్చు, పఠన బృందంతో ముఖాముఖి కావచ్చు. అయితే దాని ఫలితాన్ని ఆ సాయంత్రం అమ్ముడైన ప్రతుల లెక్కతో కొలిస్తే నిరాశే మిగులుతుంది. సభకు వచ్చినవారు ఇంటికి వెళ్లాక, రానివారికి మీ పుస్తకం దేని గురించో రెండు మాటల్లో చెప్పగలిగారా అన్నదే అసలు కొలత. ఇక్కడ వివరించే పనులన్నీ ఆ ఒక్క ప్రయోజనం కోసమే.

ముందుగా కథను ఒక్క వాక్యంలోకి తేవాలి

రచయితకు ఎక్కడికి వెళ్లినా ఎదురయ్యే మొదటి ప్రశ్న “మీ పుస్తకం దేని గురించి?” అన్నదే. దీనికి చాలామంది “మానవ సంబంధాల గురించి” అనో, “మారుతున్న విలువల గురించి” అనో జవాబిస్తారు. ఆ మాటలు అబద్ధం కావు గానీ, ఏ నవలకైనా సరిపోతాయి కాబట్టి విన్నవారి మనసులో నిలవవు. ఎవరికి ఏం కావలసి వచ్చింది, దానికి ఏం అడ్డుపడింది అనే రెండు విషయాలు ఆ వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు, “తండ్రి పోయాక ఇల్లు అమ్మడానికి కలిసిన ముగ్గురు తోబుట్టువులకు దస్తావేజులో నాలుగో వారసుడి పేరు కనిపిస్తుంది” అని చెప్పి చూడండి. ఆ తరువాత ఏమైందని అడగకుండా ఉండేవారు తక్కువ. ముగింపు చెప్పనవసరం లేదు, కథ అంతరార్థాన్ని వ్యాఖ్యానించవలసిన అవసరం అసలే లేదు.

ఆ వాక్యం పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవాలంటే, పుస్తకం చదవని ఒక మిత్రుడికి చెప్పి, వారం తరువాత గుర్తున్నంత వరకు చెప్పమనండి. ఆయన తన మాటల్లో చెప్పిన రూపం తరచుగా మీరు కూర్చిన దానికంటే సూటిగా ఉంటుంది. అటువంటప్పుడు మొహమాటపడకుండా ఆ రూపాన్నే తీసుకోండి. ఆహ్వానపత్రంలోనూ, నిర్వాహకులకు రాసే లేఖలోనూ, సభలో మిమ్మల్ని పరిచయం చేసేవారి చేతిలోనూ అదే వాక్యం ఉండాలి.

వివరాలనూ తేదీలనూ సిద్ధం చేసుకోవాలి

పుస్తకానికి ఐఎస్‌బీఎన్ సంఖ్య, అంటే ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తించడానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య, తప్పక ఉండాలి. 2007 జనవరి నుంచి ఈ సంఖ్యలో 13 అంకెలు ఉంటున్నాయి. అంతకు ముందు 10 ఉండేవి. గట్టి అట్ట ప్రతికీ, మెత్తటి అట్ట ప్రతికీ, ఈ-బుక్‌కీ వేర్వేరు సంఖ్యలు కావాలి. దుకాణదారుడు పుస్తకాన్ని తెప్పించుకోవాలన్నా, గ్రంథాలయం కొనుగోలు జాబితాలో చేర్చాలన్నా ముందు అడిగేది దీన్నే. దీనితో పాటు ముఖచిత్రం పెద్ద పరిమాణంలో ఒకటి, మీ ఫొటో ఒకటి, మీ గురించిన పరిచయం రెండు నిడివుల్లో దగ్గర ఉంచుకోండి. ఒకటి కరపత్రంలో వేయడానికి మూడు వాక్యాల్లో ఉండాలి, రెండోది సభలో చదివి వినిపించడానికి ఒక నిమిషానికి సరిపోవాలి. పరిచయం మీరు రాసి ఇవ్వకపోతే నిర్వాహకులు ఎక్కడో దొరికిన పాత వివరాలు చదువుతారు, సభలో మొదటి నిమిషాలు వాటిని సరిదిద్దడానికే పోతాయి.

సమీక్షకులకు ముందస్తు ప్రతులు పంపగలిగితే విడుదలకు 3, 4 నెలల ముందే పంపాలి. గ్రంథాలయాలూ విద్యాసంస్థలూ కార్యక్రమాలను చాలా ముందుగా నిర్ణయించుకుంటాయి. యునెస్కో 1995లో ఏప్రిల్ 23ను ప్రపంచ పుస్తక, కాపీహక్కు దినోత్సవంగా ప్రకటించింది కాబట్టి ఆ రోజుల్లో రచయితల కోసం వెతికే సంస్థలు ఎక్కువగా ఉంటాయి. అయితే మార్చి నెలాఖరులో అడిగితే అప్పటికే ఆలస్యమైనట్టు. జనవరిలోనే లేఖ పంపాలి.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

పెద్ద సాహిత్యోత్సవాల వేదికలే గొప్పవని కొత్త రచయితలకు అనిపించడం సహజమే. నిజానికి పేరుపొందిన ఉత్సవాల్లో కొన్ని చిన్న చోట్లనే పుట్టాయి. 1988లో మొదలైన హే ఫెస్టివల్ వేల్స్ సరిహద్దులో పాత పుస్తకాల దుకాణాలకు పేరుపడిన ఒక చిన్న ఊరిలో రూపుదిద్దుకుంది. ఊరంతా ఒకే పుస్తకం చదివి చర్చించుకునే కార్యక్రమం 1998లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక గ్రంథాలయం పూనికతో ప్రారంభమై, తరువాత ఎన్నో నగరాలకు పాకింది. కాబట్టి మీకు దగ్గరలో ఉన్న గ్రంథాలయాన్నీ, పుస్తకాల దుకాణాన్నీ, పఠన బృందాన్నీ తక్కువ చేసి చూడకండి. నా అభిప్రాయంలో వీటిలో పఠన బృందానికే మొదటి స్థానం ఇవ్వాలి, ఎందుకంటే అక్కడ కూర్చున్న పదిమంది పుస్తకం చదివి వస్తారు, చదివినవారే ఇతరులకు చెబుతారు.

అడగడానికి ముందు అదే చోట జరిగే ఇతరుల సభలకు శ్రోతగా వెళ్లండి. ఎంతమంది వస్తున్నారు, ఏ వయసువారు, ఎంతసేపు కూర్చుంటున్నారు, ఎటువంటి ప్రశ్నలు వేస్తున్నారు అన్నవి అక్కడే తెలుస్తాయి. అంతకంటే ముఖ్యంగా, తోటి రచయితల పుస్తకం కొని, చదివి, సభలో ఒక మంచి ప్రశ్న వేసిన వ్యక్తిని నిర్వాహకులు మరిచిపోరు. తన పుస్తకం వచ్చినప్పుడు మాత్రమే కనిపించే రచయిత అందరికీ అపరిచితుడే.

లేఖ ఒక పుట దాటకూడదు. పుస్తకం గురించిన ఆ ఒక్క వాక్యం, మీరు చేయదలచిన కార్యక్రమం ఏమిటి, ఎంతసేపు పడుతుంది, ఆ సంస్థ పాఠకులకు అది ఎందుకు నచ్చుతుంది, మీకు వీలైన రెండు మూడు తేదీలు అందులో ఉంటే చాలు. “ఎప్పుడైనా సరే, ఏదైనా సరే” అని రాస్తే మర్యాదగానే ఉంటుంది గానీ, ఆలోచించే శ్రమంతా ఎదుటివారి మీద పడి లేఖ పక్కకు వెళ్లిపోతుంది. లేఖ మీద బాధ్యుల పేరు ఉండాలి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి, అప్పటికీ రాకపోతే వదిలేయండి.

పుస్తకాల దుకాణంతో మాట్లాడేటప్పుడు లెక్కల విషయం ముందే తేల్చుకోవాలి. అమ్ముడుపోని ప్రతులను ప్రచురణకర్తకు తిరిగి పంపే పద్ధతి 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికాలో బలపడింది. దుకాణదారులు నష్టభయం లేకుండా కొత్త పుస్తకాలు తెప్పించుకోవడానికి పుట్టిన ఏర్పాటు అది. మీరే ప్రతులు తెచ్చి ఇస్తున్నట్లయితే ఎన్ని ఇచ్చారు, కమీషన్ ఎంత, డబ్బు ఎప్పుడు చెల్లిస్తారు, మిగిలినవి ఎప్పటిలోగా తీసుకుపోవాలి అన్నవి కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. స్నేహం ఉన్నచోట ఈ కాగితం మరింత అవసరం.

చదివే భాగాన్ని ఎంచుకొని, సభ కోసం తిరగరాయాలి

సభ మొత్తంలో రచయిత అత్యంత శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. సాధారణంగా నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా ఇదే. చాలామంది సభకు వెళ్లే దారిలో పుస్తకం తెరిచి, తమకు ఇష్టమైన వర్ణనను ఎంచుకుంటారు. కంటితో చదివేటప్పుడు అందంగా ఉన్న వర్ణన చెవికి బరువవుతుంది, ఎందుకంటే వినేవారికి వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకునే వీలు లేదు.

ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1858లో తన లాభం కోసం బహిరంగ పఠనాలు మొదలుపెట్టి, 1870 మార్చిలో లండన్‌లో వీడ్కోలు పఠనం చేసేవరకు ఆ పనిని రచనతో సమానమైన నిష్ఠతో చేశాడు. ఆయన అచ్చు పుస్తకాన్ని తెరిచి ఉన్నది ఉన్నట్టు వినిపించేవాడు కాదు. పఠనం కోసం విడిగా కుదించిన ప్రతులు తయారు చేసుకునేవాడు. వాటిలో వాక్యాలు కొట్టివేసి, నొక్కి పలకవలసిన మాటల కింద గీతలు గీసి, స్వరం ఎక్కడ మారాలో అంచుల్లో రాసుకునేవాడు. అంతటి రచయితకే అది అవసరమైనప్పుడు మనకు అవసరం లేదనుకోవడం సరికాదు.

ఎంచుకునే భాగం పుస్తకంలో మొదటి మూడో వంతులోనిదై ఉండాలి. ఇద్దరికి మించని పాత్రలు, వారి మధ్య సంభాషణ, ఏదో ఒకటి తేలకుండా మిగిలిపోయే చోటు ఉంటే మంచిది. సందర్భాన్ని వివరించడానికి మూడు వాక్యాల కంటే ఎక్కువ పడితే అది సభకు పనికివచ్చే భాగం కాదు. పఠనం 8 నుంచి 10 నిమిషాలకు మించకూడదు. సాధారణ ముద్రిత పుటను నిదానంగా పైకి చదవడానికి సుమారు 2 నిమిషాలు పడుతుంది కాబట్టి అయిదు పుటలు దాటవద్దు. నిర్వాహకులు అరగంట ఇచ్చినా సరే, ఒకే భాగాన్ని సాగదీయకుండా రెండు చిన్న భాగాలు చదివి మధ్యలో మాట్లాడండి.

ఆ పుటలను పుస్తకం నుంచి వేరుగా, 16 పాయింట్ల అక్షరాలతో, కాగితానికి ఒకవైపు మాత్రమే ముద్రించుకోండి. ఏ వాక్యమూ ఒక కాగితం మీద మొదలై మరో కాగితం మీద ముగియకుండా చూడాలి. కాగితాలకు పిన్ను వేయకుండా, పైన అంకెలు రాసి, చదివినదాన్ని పక్కకు జరపండి. ఇక పెన్సిల్ పట్టుకుని పైకి చదవండి. గొంతు మార్పుతోనే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసే చోట “అన్నాడు”, “అంది” కొట్టేయండి. సభలో చెప్పని వెనుకటి సంఘటనను ప్రస్తావించే వాక్యం కొట్టేయండి. నాలుక తడబడిన సమాసాన్ని విడదీయండి. ఊపిరి తీసుకోవలసిన చోట ఒక నిలువు గీత, ఆగి శ్రోతలను చూడవలసిన చోట రెండు గీతలు పెట్టండి. తరువాత ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. కంగారులో అందరి వేగమూ పెరుగుతుంది కాబట్టి, ఇంట్లో మరీ నిదానంగా తోచిన వేగమే సభలో సరిపోతుంది.

సభ రోజున

కనీసం 40 నిమిషాల ముందు చేరుకోండి. మైకుకు పెదవులు ఒక జానెడు లోపు దూరంలో ఉంచి నాలుగు వాక్యాలు చదివి, చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి వినబడుతున్నదేమో కనుక్కోండి. కుర్చీలు రావచ్చనుకున్న వారికంటే కాస్త తక్కువే వేయించి, అదనపువి పక్కన పెట్టించండి. ఖాళీ వరుసలు వక్తనూ శ్రోతలనూ కూడా కుంగదీస్తాయి. పుస్తకాల బల్ల తలుపు దగ్గర, అందరూ దాటి వెళ్లే దారిలో ఉండాలి. అమ్మకం బాధ్యత, చిల్లరతో సహా, మరొకరికి అప్పగించండి. రచయితే డబ్బు లెక్కపెట్టుకుంటూ ఉంటే మాట్లాడదామని వచ్చినవారు వెనుదిరుగుతారు.

వక్తలు వరుసగా ప్రసంగించే సభ కంటే, పుస్తకం చదివిన ఒకరు రచయితను ప్రశ్నలు అడుగుతూ నడిపే సభ శ్రోతలకు ఎక్కువ అందుతుంది. ప్రశ్నలన్నీ ముందే రాసి ఇచ్చిపుచ్చుకోనవసరం లేదు గానీ, మొదటి ప్రశ్న ఏమిటో, కథలో ఏ మలుపు బయటపెట్టకూడదో మాట్లాడుకుని ఉండాలి. శ్రోతల వంతు వచ్చినప్పుడు సాధారణంగా కొంత మౌనం ఉంటుంది. తొందరపడి ముగించకుండా “నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది” అని మీరే మొదలుపెడితే మిగిలినవి వాటంతటవే వస్తాయి.

అయిదుగురే వచ్చిన సభ ప్రతి రచయిత జీవితంలోనూ ఉంటుంది. అప్పుడు వేదిక దిగి, మైకు ఆపి, కుర్చీలను గుండ్రంగా జరిపి కూర్చోండి. రానివారి గురించి ఒక్క మాట కూడా అనకండి, ఎందుకంటే ఆ మాట వినేది వచ్చినవారే. ఒక్కొక్కరినీ వారు ఈమధ్య చదివిన పుస్తకం గురించి అడగండి. వందమంది సభలో దొరకని సావకాశం అక్కడ దొరుకుతుంది, ఆ అయిదుగురిలో ఒకరు తరువాత మిమ్మల్ని తమ పఠన బృందానికి పిలవడం అరుదేమీ కాదు.

సంతకం పుస్తకం పేరున్న లోపలి పుట మీద చేయడం ఆనవాయితీ. కలం సిరా అవతలి పుటకు దిగుతుందేమో చివరి ఖాళీ పుట మీద ముందే పరీక్షించుకోండి. అంకితం ఎవరి పేరున కావాలో ఒక చీటీ మీద రాసి ఇమ్మనండి. తెలిసిన పేరైనా సరే, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాసుకుంటారు, తప్పు రాసిన ప్రతిని మళ్లీ అమ్మలేరు. ప్రతి ఒక్కరితో అరనిమిషమైనా మాట్లాడి, తేదీ వేయండి.

సభ తరువాత

రెండు రోజుల లోపు నిర్వాహకులకు కృతజ్ఞతలు రాయండి. సభ నిర్వహణలో తోడ్పడిన గ్రంథాలయ సిబ్బందినీ పేరుపేరునా ప్రస్తావించండి. తదుపరి పుస్తకం సమాచారం కావాలనుకునేవారి ఈ-మెయిల్ చిరునామాలను వారి అనుమతితోనే సేకరించాలి, ఏడాదికి మూడు నాలుగు సార్లకు మించి రాయకూడదు. ఒక చిన్న పుస్తకంలో సభ తేదీ, వచ్చినవారు, అమ్ముడైన ప్రతులు, ప్రయాణ ఖర్చు, పోయిన సమయం నమోదు చేసుకోండి. దానితో పాటు, ఆ సభ వల్ల ఆ తరువాత వచ్చిన పిలుపులకూ ఉత్తరాలకూ ఒక గడి ఉంచండి. ఆరు నెలల తరువాత నిండేది ఆ గడే. గ్రంథాలయాల్లో పుస్తకం అరువుకు వెళ్లినందుకు రచయితకు పారితోషికం చెల్లించే ఏర్పాటు 1946లో డెన్మార్క్‌లో మొదలై ఇప్పుడు 30కి పైగా దేశాల్లో ఉంది. మీరు ఉండే దేశంలో అది ఉంటే పేరు నమోదు చేయించుకోవడం మరవకండి.

రచనా సమయాన్ని కాపాడుకోవాలి

ప్రచారానికి అంతు ఉండదు కాబట్టి దాని హద్దును రచయితే నిర్ణయించుకోవాలి. డికెన్స్ 1869 ఏప్రిల్‌లో పఠన పర్యటన మధ్యలో కుప్పకూలడంతో, వైద్యుల సలహాపై మిగిలిన కార్యక్రమాలను రద్దు చేసుకోవలసి వచ్చింది. పుస్తకం వచ్చిన మొదటి మూడు నెలలు నెలకు రెండు సభలు, ఆ తరువాత నెలకు ఒకటి అనుకుంటే ఉద్యోగం, కుటుంబం ఉన్నవారికి కూడా సాధ్యమవుతుంది. ఉదయం రాసే అలవాటున్నవారు సాయంత్రపు సభలనే ఒప్పుకోవాలి, సభ మరుసటి ఉదయం మాత్రం విశ్రాంతికి వదలాలి. ఒప్పుకోలేని ఆహ్వానానికి అదే రోజు, కారణాలు ఏకరువు పెట్టకుండా రెండు వాక్యాల్లో జవాబివ్వండి. ఆ తేదీకి కుదరదని చెప్పి, ఆ సభకు తగిన మరో రచయిత పేరు సూచిస్తే నిర్వాహకుల పని నిలిచిపోదు.