పెన్‌డ్రైవ్‌తో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, పాత కంప్యూటర్‌లో లినక్స్ గానీ మరో కొత్త వ్యవస్థ గానీ వేసుకోవాలనుకునేవారు ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. పెన్‌డ్రైవ్‌తో చేసే ఈ పని పెద్ద కష్టమైనది కాదు. నేను చూసినంతలో ఇందులో డేటా పోగొట్టుకున్నవారంతా ఏ డిస్క్ ఏదో తేల్చుకోకుండా ముందుకు వెళ్లినవారే.

మొదట బ్యాకప్ తీయాలి. అదే డిస్క్‌లోని ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే అది బ్యాకప్ కాదు. విడిగా ఉండే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసి, వీలైతే వేరే కంప్యూటర్‌కు పెట్టి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకోవాలి. ఆ తర్వాత దాన్ని ఊడదీసి పక్కన పెట్టేయాలి. ఒకసారి నేను దాన్ని తగిలించి ఉంచే పని మొదలుపెట్టి, పెన్‌డ్రైవ్ అనుకుని ఐఎస్‌ఓను (ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఇమిడి ఉండే ఫైల్‌ను) బ్యాకప్ డిస్క్ మీదకే రాశాను. గమనించి ఆపేలోపే రెండు జీబీ దాకా రాసేసింది. ఆ మేరలో ఉన్న ఫోటోలు మళ్లీ దొరకలేదు.

విండోస్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) సంగతి కూడా చూడాలి. యజమానికి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న వ్యవస్థనే మొదలవనిచ్చే రక్షణ) వంటి సెట్టింగ్ మార్చగానే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది చేతిలో లేకపోతే లోపలి డేటాను తెరిచే దారి ఉండదు. కీని ముందే కాగితం మీద రాసుకోండి. రెండు వ్యవస్థలనూ ఉంచుకోదలిస్తే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను (షట్‌డౌన్ చేసినా విండోస్‌ను పూర్తిగా ఆపని సెట్టింగ్‌ను) కూడా ఆపేయాలి.

ఐఎస్‌ఓను అధికారిక సైట్ నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో, అంటే ఫైల్‌కు వేలిముద్రలాంటి 64 అక్షరాల వరుసతో, సరిచూసుకోవాలి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) సైట్‌లోకే చొరబడి, దొంగదారి అమర్చిన ఐఎస్‌ఓకు లింకులు మళ్లించారు. అటువంటప్పుడు అదే పేజీలోని విలువను కూడా మార్చేయవచ్చు కనుక, ఫైల్ అసలు తయారీదారులదేనని చూపే డిజిటల్ సంతకాన్ని సరిచూసుకోవడం ఇంకా మంచిది.

ఐఎస్‌ఓను మామూలు ఫైల్‌లాగా పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే బూట్ కాదు, అంటే దాంతో కంప్యూటర్ మొదలవదు. రూఫస్ వంటి సాధనంతో రాయాలి, అప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. సాధారణంగా 8 జీబీది సరిపోతుంది. లినక్స్‌లో డీడీ (dd) ఆదేశం వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది ఏ ప్రశ్నా వేయకుండా చెప్పిన చోట రాసేస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) ఆదేశం నడిపి, కొత్తగా వచ్చిన వరుస ఏదో చూడండి. 512 జీబీ డిస్క్ అక్కడ 476.9 అని, 1 టీబీ డిస్క్ 931.5 అని కనిపిస్తుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్ 15కు కాస్త తక్కువగా ఉంటుంది. పేరు రోజుకో తీరుగా మారవచ్చు గానీ సైజు మారదు, కాబట్టి సైజునే నమ్మాలి.

ఛార్జర్ తగిలించి, ఎఫ్12 గానీ ఎస్కేప్ గానీ (మీ మోడల్‌ను బట్టి) నొక్కి బూట్ మెనూ తెరవండి. ఉన్న విండోస్ యూఈఎఫ్‌ఐలో (కంప్యూటర్ మొదలయ్యే కొత్త పద్ధతిలో) ఉంటే పెన్‌డ్రైవ్‌ను కూడా యూఈఎఫ్‌ఐలోనే బూట్ చేయాలి. ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనబడకపోతే స్టోరేజ్ మోడ్ (కంప్యూటర్ డిస్క్‌ను వాడుకునే పద్ధతి) రెయిడ్‌లో ఉండి ఉండవచ్చు; తొందరపడి దాన్ని ఏహెచ్‌సీఐ అనే మరో పద్ధతికి మారిస్తే విండోస్ లేవకపోవచ్చు.

ఎక్కించే ముందు లైవ్ పద్ధతిలో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే, నడిపి వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. డిస్క్ ఎంచుకునే తెర దగ్గర మాత్రం ఎంత సేపయినా ఆగండి: డిస్క్ మొత్తం చెరిపివేయమనే ఎంపికకు, విండోస్ పక్కన వేయమనే ఎంపికకు మధ్య ఒక్క క్లిక్కే దూరం. సొంతంగా పార్టిషన్లు (డిస్క్‌లో విడి భాగాలు) చేసేవారు ఇప్పటికే ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకూడదు, విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. చివరి తెరలో చూపే మార్పుల జాబితాను సైజులతో సహా చదివాకే సరే అనండి. పని పూర్తయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌ను వెంటనే చెరిపేయకుండా కొన్నాళ్లు అలాగే ఉంచండి. కొత్త వ్యవస్థ బూట్ కాకుండా మొరాయిస్తే లోపలికి వెళ్లి సరిచేయడానికి అదే కావాలి.