వానలు మొదలవకముందే మృదంగం చూసుకోండి

హైదరాబాద్‌లో జూన్ రాగానే చర్మం చెమ్మ పీలుస్తుంది, శ్రుతి దిగుతుంది. చవితి పందిళ్ల కచేరీలు వచ్చేలోపు ఇవి గమనించండి.

చెమ్మగా ఉందని ఎండలో పెట్టొద్దు, హీటర్ దగ్గరా వద్దు. మూత (వాయించే చర్మం) చిరిగితే కొత్తది వేయించుకోవచ్చు. మృదంగం ఒళ్లైన పనస కట్టె ఎండకు బీటవారితే మాత్రం పాత నాదం తిరిగి రావడం కష్టం. ఆరడానికి ఫ్యాను గాలి చాలు.

కుడి మూత మీద తడి చెయ్యి పడనివ్వొద్దు. దాని మధ్యలోని నల్లటి కరణి అంటే రాతిపొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా రుద్దిన ముద్ద. నీళ్లు తగిలితే పెచ్చులూడుతుంది. పొడి గుడ్డతోనే తుడవండి.

వాయించే ముందు ఎడమ మూత మీద అద్దే రవ్వ ముద్దను, వాయించిన వెంటనే, మెత్తగా ఉండగానే తీసేయండి. ఎండాక గోళ్లతో గీకితే చర్మం పోతుంది, వదిలేస్తే బూజు, బొద్దింకలు.

శ్రుతి దిగిందని మూతల్ని లాగిపట్టే తోలు వార్లు ఒకేసారి బిగించేయకండి. ఏసీ హాల్లోకి వెళ్లాక చర్మం ఆరి ఇంకా లాగుతుంది, అంచు తెగుతుంది. అరగంట ముందే సంచి విప్పి ఉంచి, అప్పుడు సరిచేయండి. రాయితో నేరుగా కొట్టకుండా మధ్యలో చెక్కముక్క పెట్టి, మూత అంచు అల్లిక చుట్టూ ఎదురెదురు చోట్ల కొద్దికొద్దిగా తట్టాలి. (ఒకే పక్క దంచేవాళ్లే ఎక్కువ!)

సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి.

బైక్ మీదైతే వాన కవరు తప్పదు, ఇంటికి రాగానే అది తీసేయండి.