చిన్న చార్జర్ కడదాం, 3వ భాగం: బాడీకి రంగు

చార్జర్ అనే పాత అమెరికన్ కారుకి ప్లాస్టిక్ నమూనాని కిట్టు నుంచి కడుతున్నాం, పోయిన భాగంలో ఇంజిన్ దగ్గర ఆగాం. హెమీ అనే ఆ ఇంజిన్ బ్లాకుకి నారింజ రంగు, వాల్వ్ కవర్లకి ముడతల నలుపు వేసి పక్కన పెట్టుకున్నారు కదా. ఈపాటికి మీలో కొందరి చెయ్యి స్ప్రే డబ్బా మీదికి వెళ్లే ఉంటుంది, బాడీకి కూడా ఒక కోటు కొట్టేసి చూద్దామని. నాకు తెలుసు, ఎందుకంటే నా మొదటి మూడు కిట్లూ నేను అలాగే పాడు చేసుకున్నాను. డబ్బా కింద పెట్టండి. ఈ భాగంలో ముప్పావు వంతు డబ్బా ముట్టుకోకముందు చేసే పనే.

మనం కడుతున్నది 1968 డాడ్జ్ చార్జర్ ఆర్/టి, 1/25 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు. అసలు కారు పొడవు 208 అంగుళాలు, అంటే దగ్గర దగ్గర 5.28 మీటర్లు. మన చేతిలో ఉన్నది 21 సెంటీమీటర్లు. బాడీ మీద ఏది కనిపించినా 25తో గుణించి చూడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. డోరు మీద అర మిల్లీమీటరు దుమ్ము అంటుకుంటే అసలు కారు మీద అది పన్నెండున్నర మిల్లీమీటర్ల గులకరాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కారు మీద ప్రైమరూ రంగూ అన్నీ కలిపి మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, దాన్ని 25తో భాగిస్తే 4 మైక్రాన్లు, మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. అంత పల్చగా మనం కొట్టలేం. కానీ ఎంత పల్చగా కొడితే అంత నిజం కారులా ఉంటుంది, ఎంత మందంగా కొడితే అంత బొమ్మలా ఉంటుంది. ఈ రోజు చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు స్నానం. అచ్చులోంచి బాడీ సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు కొంచెం ప్లాస్టిక్ మీద మిగిలిపోతుంది, దాని మీద రంగు నిలవదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, పాత టూత్ బ్రష్, గోరువెచ్చని నీళ్లు చాలు. వేడినీళ్లు వద్దు, ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే పిల్లర్లు పుల్లల్లా సన్నగా ఉంటాయి, వంగితే మళ్లీ సరి కావు. కడిగాక బట్టతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి.

ఇప్పుడు అసలు పని, అచ్చు గీతలు. బాడీ ఒకే ముక్కగా రావాలంటే పైన, ముందు, వెనక, పక్కల నుంచి ఉక్కు అచ్చులు వచ్చి కలుసుకోవాలి, అవి కలిసిన చోటల్లా ప్లాస్టిక్ మీద సన్నటి గీత లేస్తుంది. తెల్ల ప్లాస్టిక్ మీద కంటికి సరిగా ఆనదు. టేబుల్ లైటు కింద బాడీని మెల్లగా తిప్పుతూ గోరుతో రాసి చూడండి, గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఉన్నట్టే. ముందు ఫెండర్ల పైన చూడండి, బంపర్ల దగ్గర మూలల్లో చూడండి, అన్నిటికన్నా ఎక్కువగా టాపు నుంచి డిక్కీ వైపు జారే ఆ రెండు రెక్కల మీద చూడండి. 1968 చార్జర్‌కి అందమంతా ఆ రెక్కల్లోనే ఉంది, వెనక అద్దం లోపలికి వెళ్లి కూర్చుని రెండు పక్కలా టాపు అలా సాగిపోతుంది, అసలు కారు మీద అక్కడ ఏ గీతా ఉండదు. మీరు గీత వదిలేస్తే రంగు పడగానే ఆపరేషన్ కుట్టులా తేలుతుంది.

తీయడానికి బ్లేడు పదును వైపు కాదు, వీపు వైపు వాడండి. బ్లేడుని దాదాపు నిలువుగా పట్టుకుని కొబ్బరి గీకినట్టు మీ వైపుకి లాగితే పొడి పొడిగా ప్లాస్టిక్ వస్తుంది. గీత పోయాక 400 నంబరు వాటర్ పేపర్, తర్వాత 600, రెండూ తడిపే రుద్దాలి. ఒక జాగ్రత్త, అమెరికాలో 1968 మోడళ్ల నుంచి పక్కల్లో మార్కర్ లైట్లు తప్పనిసరి అయ్యాయి, ఆ ఏడాది చార్జర్‌కి అవి గుండ్రంగా ఉంటాయి. మన బాడీ మీద అవి కందిగింజలో సగం కూడా ఉండవు, రుద్దే ఊపులో ఎగిరిపోతాయి. వాటి మీద చిన్న టేపు ముక్క అంటించి రుద్దండి. ఎక్కడైనా గుంట కనిపిస్తే లప్పం పెట్టాలి, మోడల్ కిట్లకని చిన్న ట్యూబుల్లో అమ్మేదే. గోడలకి లప్పం పెట్టేవాళ్లని చూశారుగా, ఒకేసారి కూరేయరు, పల్చగా లాగి, ఆరనిచ్చి, మళ్లీ లాగుతారు. ఇక్కడా అంతే.

తర్వాత డోర్ల సందులు. అసలు కారులో డోరుకీ ఫెండరుకీ మధ్య సందు 5 మిల్లీమీటర్లు అనుకోండి, మనకి 0.2. దాని మీద ప్రైమరు, రంగు, పైన రంగులేని క్లియరు పూత పడితే సందు పూడిపోయి డోరు గీసిన బొమ్మలా అయిపోతుంది. అందుకే రంగుకి ముందే సందుల్ని లోతు చేయాలి. మళ్లీ బ్లేడు వీపే. మొదటిసారి అసలు బరువు పెట్టకుండా, దారి చూపించడానికన్నట్టు లాగండి. రెండోసారి కొంచెం, మూడోసారి ఇంకొంచెం. ఒక్క లాగులో అయిపోవాలని నొక్కారో, జారుతుంది. నాకు ఒక కిట్టులో డోరు కింది మూల దగ్గర జారి వెనక చక్రం దాకా గీత పడింది. దాన్ని పూడ్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది, ఇప్పటికీ ఆ కారుని అల్మరాలో ఆ పక్క గోడకి తిప్పే పెడతాను.

ఇదంతా అయ్యాక మళ్లీ ఒకసారి కడిగి, ఆరాక బూడిద రంగు ప్రైమరు పల్చగా కొట్టండి. ప్రైమరు అంటే రంగు పట్టుకోవడానికే అనుకుంటారు చాలామంది, నా లెక్కలో అది తప్పులు పట్టుకోవడానికి. తెల్ల ప్లాస్టిక్ దాచిపెట్టినవన్నీ బూడిద రంగులో బయటపడతాయి. తీసేశామనుకున్న గీత మళ్లీ కనిపిస్తుంది, నిరుత్సాహపడకండి, అందరికీ కనిపిస్తుంది. రుద్ది, మళ్లీ ప్రైమరు. నాకు మామూలుగా మూడుసార్లు పడుతుంది. కిట్టు ఎర్ర ప్లాస్టిక్‌తో వచ్చిందా, మీరు లేత రంగు వేయాలనుకుంటున్నారా, అయితే ఇంకా జాగ్రత్త, ఆ ఎరుపు పైకి ఊరి తెల్ల కారు గులాబీ కారైపోతుంది.

రంగు పడకముందే చేయాల్సిన చిన్న గమ్మత్తు ఒకటుంది, తర్వాత గుర్తొస్తే లాభం లేదు. టాపు రెక్క మీద చార్జర్ అని వంకర అక్షరాల క్రోమ్ పేరు ఉంటుంది. మీ బాడీ మీద ఆ అక్షరాలు ఉబ్బెత్తుగా పోసి ఉంటే, బేర్ మెటల్ ఫాయిల్ అని వెనక జిగురుతో వచ్చే పల్చటి రేకు షీటు దొరుకుతుంది, దాన్ని పేరు కన్నా కాస్త పెద్దగా కోసి ప్రైమరు మీదే అంటించండి. టూత్‌పిక్ మొన కొంచెం మొద్దు చేసి అక్షరాల చుట్టూ నొక్కుతూ పోతే రేకు అచ్చంగా అక్షరాలకి అతుక్కుపోతుంది. అంచులు కొత్త బ్లేడుతో, ఊపిరి బిగబట్టి, దగ్గరగా కోసేయండి. దాని మీదే మామూలుగా రంగు కొట్టేస్తాం, పేరు మాయమవుతుంది. రంగు గట్టిపడ్డాక 2000 నంబరు పేపరు చిన్న ముక్కని వేలి చివర చుట్టి, తడిపి, అక్షరాల తలలని మాత్రం తాకీ తాకనట్టు రుద్దితే, పైన రంగు పోయి కింద రేకు మెరుస్తూ అక్షరం అక్షరం బయటికొస్తుంది. వెంట్రుకంత బ్రష్‌తో వెండి రంగు దిద్దినా ఇంత శుభ్రంగా రాదు. మొదటిసారి ఇది చేసినప్పుడు అర్ధరాత్రి మా ఆవిడని లేపి చూపించాను, ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఏ రంగు అంటే మీ ఇష్టం, కానీ ఊదా మాత్రం వద్దు. ప్లమ్ క్రేజీ అనే ఆ ఊదా రంగు డాడ్జ్‌కి 1970 మోడళ్లతో వచ్చింది. 1968 కారుకి వేస్తే ఎవరో తర్వాత వేయించుకున్నట్టు ఉంటుంది. ఎరుపో నలుపో బాగుంటుంది, మొదటి కారుకి నేనైతే ఎరుపే అంటాను, నలుపు మీద ప్రతి తప్పూ అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. అసలు కార్ల కోసం అమ్మే టచప్ మెటాలిక్ రంగులు ఈ కిట్ల మీద వాడకండి, అందులోని మెరుపు రవ్వల్ని కూడా 25తో గుణించాలి మరి, పెసరగింజలు చల్లినట్టు ఉంటుంది.

నేనుండేది ట్రాయ్‌లో, డెట్రాయిట్ పక్కన, మనవాళ్లు బాగానే ఉన్న ఊరు. ఇలాంటి కిట్లు చేసిన ఏఎమ్‌టీ కంపెనీ ఒకప్పుడు ఇక్కడిదే. ఏటా ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచి జరుగుతోంది, రంగు గురించి నేను నేర్చుకున్నది సగం అక్కడే. ఈ రోజుల్లో బాగు చేయించిన చార్జర్లు అద్దంలా ఉంటాయి, కానీ ఎవరూ చెయ్యి పెట్టని పాత రంగు ఉన్న కారు దగ్గర వంగి చూస్తే ఫ్యాక్టరీ రంగు నారింజ తొక్కలా సన్న సన్న గుంటలతో ఉంటుంది. అది చూసి మన కిట్టు మీద గుంటలున్నా పరవాలేదనుకోకండి, మళ్లీ 25తో గుణించండి.

సరే, డబ్బా తీయండి. ముందు చోటు, వాతావరణం. గాలి ఆడే చోట కొట్టాలి, సాల్వెంట్ ఆవిర్లు ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోవాలి, గుడ్డ మాస్కు పనికిరాదు. అమెరికాలో ఉన్నవాళ్లు బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ పక్కన అస్సలు కొట్టకండి, దానికి మంట ఉంటుంది, మీ డబ్బాలో ఉన్నది మండే సరుకు. విజయవాడలోనో వైజాగ్‌లోనో ఉన్నవాళ్లకి గొడవ తేమతో. వాన పడే రోజు లాకర్ అనే త్వరగా ఆరే రకం రంగు కొడితే గాలిలోని నీరు దాని మీద చేరి పాలు ఒలికినట్టు తెల్లబడిపోతుంది, ఎండ కాసే పొడి రోజు దాకా ఆగండి. మామూలు కార్ల స్ప్రే వాడదామనుకుంటే ముందు కిట్టులో భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ముక్క మీద కొట్టి ఒక రాత్రి చూడండి, కొన్నిటిలో సాల్వెంట్ ఘాటుకి ప్లాస్టిక్ నెర్రెలు విచ్చుతుంది.

డబ్బాని పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, పొయ్యి మీద కాదు, డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉండేది ఊరికే కాదు. వెచ్చబడితే రంగు పల్చబడి సన్నటి తుంపరలుగా వస్తుంది. ఒక ఖాళీ సీసా మీద టేపు చుట్టి బాడీని దానికి లోపలి నుంచి బిగించండి, సీసా పట్టుకుని తిప్పుకోవచ్చు. దూరం జానెడు కన్నా కాస్త తక్కువ. కారు బయట గాలిలో బటన్ నొక్కడం మొదలుపెట్టి, కారు మీదుగా ఒకే వేగంతో లాగి, అవతల గాలిలో వదలండి. కారు మీద నొక్కితే మొదటి ఉమ్ము అక్కడే పడుతుంది.

మొదటి కోటు కొట్టినట్టే ఉండకూడదు. ప్రైమరు కనబడుతూనే ఉండాలి, పైన ఎర్రటి మంచు పడ్డట్టు. ఈ దశలో టెన్షన్ వస్తుంది, చారలు చారలుగా ఉంది, ఇంకొంచెం కొడదామా అని చెయ్యి లాగుతుంది. వద్దు. పావుగంట ఆగండి. రెండోది కూడా అంతే, పల్చగా. మూడోసారి మాత్రం చెయ్యి కాస్త నెమ్మది చేసి, తడిగా మెరిసేంత వేయండి, ఆ తడి మెరుపు వెనకే కన్ను పెట్టుకుని వెళ్లండి. ముందు టాపు, తర్వాత పక్కలు, చివర బానెట్. కింది అంచుల దగ్గర రంగు బరువెక్కుతుంటే ఆపేయండి, ఒక్క అర సెకను ఎక్కువైనా కన్నీటి చుక్కలా కారుతుంది.

కారిందా? వెంటనే తుడవకండి, ఇంకా పాడవుతుంది. గట్టిపడేదాకా వదిలేసి, 1000 నంబరు పేపరుతో ఆ చుక్కని మాత్రం రుద్ది, మళ్లీ పల్చటి కోటు. మొత్తమే పోయిందనుకుంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టండి, చాలా రంగులు మెత్తబడి టూత్ బ్రష్‌కి ఊడొస్తాయి. నేను ఒక డిసెంబరులో గ్యారేజ్ తలుపు తీసి గడ్డకట్టే చలిలో కొట్టిన బాడీని అలాగే కాపాడుకున్నాను, రంగు ఇసుకలా పడింది దాని మీద.

ఇప్పుడు దాని మీద ఒక అట్టపెట్టె బోర్లించి వారం వదిలేయండి. ఆరిందో లేదో వేలితో చూడొద్దు, ముక్కుతో చూడండి. పెట్టె ఎత్తి వాసన పీల్చండి, థిన్నర్ ఘాటు ఏమాత్రం తగిలినా ఇంకా ఆరలేదు, పెట్టె మళ్లీ మూసేయండి. ఏ వాసనా రాని రోజున 2000 పేపరు తీసుకుని టాపు రెక్క మీద పేరు దగ్గరికి వెళ్లొచ్చు. వెనక నల్ల పట్టీల స్టిక్కర్లు, కిటికీల చుట్టూ క్రోమ్ రేకు వచ్చే భాగంలో చూద్దాం, దానికి కొత్త బ్లేళ్లు ఒక ప్యాకెట్ తెచ్చి పెట్టుకోండి, పాతవాటితో రేకు చిరుగుతుంది.