పెళ్లై విశాఖ వచ్చారా? ముందు ఓటు మార్చుకోండి

అత్తారింటికి వచ్చాక ఆధార్‌లో అడ్రస్ మారుతుంది, గ్యాస్ బుక్ మారుతుంది. ఓటు మాత్రం పుట్టింటి ఊళ్లోనే ఉండిపోతుంది. ఎన్నికలప్పుడు చూసుకుందాంలే అనుకోకండి. నామినేషన్ల చివరి రోజు దాటితే జాబితాలో కొత్తగా పేరెక్కదు.

పాత ఓటు ఉన్నవాళ్లు నింపాల్సింది ఫారం 8. చాలామంది ఫారం 6 పెట్టేస్తారు, అది మొదటిసారి ఓటు నమోదుకు. రెండుచోట్ల పేరుండటాన్ని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

విశాఖలో తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ అని నాలుగు నియోజకవర్గాలు. ఇంకా గాజువాక, భీమిలి. అందాజుగా రాస్తే దరఖాస్తు తిరుగుతుంది. జాబితాలో మీ ఆయన పేరు వెతికి, నియోజకవర్గం అక్కడ చూసి వేయండి. అడ్రస్ ప్రూఫ్ మీ పేరనే ఉండక్కర్లేదు. భర్త అదే ఇంట్లో ఓటరైతే ఆయన పేరున్న కరెంటు బిల్లు చాలు. ఆయన ఓటు కూడా ఆయన సొంతూళ్లోనే ఉంటే ఆ బిల్లు పనికిరాదు, మీ బ్యాంకు పాస్‌బుక్కో ఆధారో జతచేయండి. తండ్రి పేరు తీసి భర్త పేరు పెట్టించుకోవాలనే రూలు లేదు, ఇంటిపేరూ అంతే. కావాలనుకుంటే దానికి వేరే ఫారం 8 పెట్టాలి.

ఓటు మీ హక్కు, ఇందులో ఎవరి దయా లేదు. బ్రిటిష్‌వాళ్ల 1919 భారత ప్రభుత్వ చట్టం ఆడవాళ్ల ఓటును రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. విశాఖ అప్పుడున్న మద్రాసు ప్రెసిడెన్సీ 1921లో ఇచ్చినా, అది ఆస్తిపరులకే. బీహార్ 1929 దాకా ఇవ్వలేదు. దేశమంతటికీ ఒకేసారి, ఆస్తీ చదువూ అడక్కుండా ఇచ్చింది రాజ్యాంగం 326వ అధికరణం. అయినా మొదటి ఎన్నికల్లో దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాకెక్కలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అనే తప్ప సొంత పేరు రాయించలేదు మరి. కాబట్టి బీఎల్‌ఓ (ఓటర్ల వివరాలు చూసే బూత్ స్థాయి అధికారి) ఇంటికొస్తే వివరాలు మీరే చెప్పండి, మామగారిచేత చెప్పించకండి.

తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేయొచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. సందేహాలకు ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి.