కొత్త రడ్డర్ పెడళ్లు బిగించాక వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

రడ్డర్ అంటే విమానం ముక్కును ఎడమకు, కుడికి తిప్పే తోక పలక. దాన్ని కాళ్లతో పెడళ్లు తొక్కి తిప్పుతాం, అవే పెడళ్లతో బ్రేకులూ వేస్తాం. సొంతంగా కట్టుకున్న విమానంలో పాత పెడళ్లు తీసి కొత్తవి పెట్టాక ఏదో ఒకటి సరిగ్గా కుదరకపోవడం మామూలే. వెంటనే పెడళ్లనే అనుమానించకండి. చాలాసార్లు తప్పు అవి కూర్చున్న తీరులో ఉంటుంది.

సమస్య: పెడల్ బిగుతుగా కదులుతోంది

ముందు రడ్డర్ కేబుళ్లు, నేల మీద చక్రాన్ని తిప్పే లింకులు ఊడదీయండి. అప్పుడు తేలిగ్గా కదిలితే పుల్లీలు, ఫెయిర్‌లీడ్‌లు (కేబుల్‌ను దారిలో ఉంచే గైడ్లు), ఆ లింకుల్లో తప్పు వెతకండి. అప్పటికీ బిగుతుగానే ఉంటే బేరింగ్ బ్లాకుల సంగతి చూడాలి. పెడళ్ల గొట్టం వీటి గుండా వెళ్తుంది. రంధ్రాలు ఒకే వరుసలో లేకపోతే బోల్టులు బిగించేకొద్దీ గొట్టం ఒత్తుకుని పట్టేస్తుంది. అన్ని బోల్టులూ వదులు చేసి, ఒక్కొక్కటే బిగిస్తూ ప్రతిసారీ పెడల్‌ను వేలితో నెట్టి చూడండి. ఏ బోల్టు దగ్గర పట్టేసిందో ఆ బ్లాకు కింద పలచని షిమ్ (ఎత్తు సర్దే రేకు) వేయాలి. రంధ్రాన్ని పెద్దది చేస్తే ఈ రోజుకు పని అవుతుంది కానీ తర్వాత పెడల్ లూజుగా ఆడుతుంది, దయచేసి ఆ పని చేయకండి. బోల్టులు వదులుగా ఉన్నప్పుడు కూడా గొట్టం తిరగకపోతే, బ్లాకులో కూర్చునే చోట పెయింట్ మందంగా ఉందేమో చూసి అంతవరకే తీసేయండి.

పెడల్ మధ్యకు తిరిగి రావడం లేదని కొందరు టెన్షన్ పడతారు. కొన్ని డిజైన్లలో వెనక్కి లాగే స్ప్రింగే ఉండదు. గాలిలో రడ్డరే వాటిని మధ్యకు తెస్తుంది. మీది ఆ రకమా కాదా అన్నది డ్రాయింగుల్లో చూసుకోండి.

సమస్య: కాలు తీసినా బ్రేక్ పట్టే ఉంటోంది, చక్రం వేడెక్కుతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెడల్ వదిలేసినప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే సిలిండర్) పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. పెడల్‌ను దానికి కలిపే రాడ్డు పొడవు సరిగ్గా లేక పిస్టన్ కొంచెం నొక్కుకునే ఉంటే, ఆయిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లే చిన్న దారి మూసుకుపోతుంది. బ్రేక్ వేడికి లోపలి ఆయిల్ వ్యాకోచించి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పరీక్ష సులువు. పెడల్ వదిలేసి, చక్రం దగ్గరి కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పిస్టన్‌ను వెనక్కి నెట్టండి. ట్యాంకులో ఆయిల్ మట్టం పెరిగితే దారి తెరిచే ఉంది. పెరగకపోతే రాడ్డు సర్దాలి.

సమస్య: బ్రేక్ మెత్తగా దిగిపోతోంది

చాలాసార్లు లైనులో గాలి ఉండటమే కారణం. చక్రం దగ్గర నుంచి పైకి ఆయిల్ నెట్టి గాలి తీయండి. ఎర్ర మినరల్ ఆయిల్ కోసం చేసిన సిస్టమ్‌లో కారు బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి.

సమస్య: రడ్డర్ ఒకవైపు పూర్తిగా తిరగడం లేదు

పెడల్ ఫైర్‌వాల్‌కో (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ), బ్రేక్ గొట్టానికో తగులుతోందేమో చూడండి. రడ్డర్‌ను ఆపే తోక దగ్గరి స్టాప్ ముందు తగలాలి, పెడల్ దేనికీ తగలకూడదు. బ్రేక్ పూర్తిగా తొక్కి కూడా రెండు వైపులా చూడండి. టర్న్‌బకిల్‌తో (కేబుల్ బిగుతు సర్దే మర జాయింటు) సర్దితే, ఒక్కో చివర 3 మర చుట్లకు (థ్రెడ్లకు) మించి బయట కనిపించకూడదు. తర్వాత సేఫ్టీ వైర్ తప్పనిసరి.

బోల్టు మీద ఏదైనా భాగం తిరిగే జాయింట్లలో నైలాన్ లాక్ నట్టు వాడకండి. కాసిల్ నట్టు (పైన గాట్లు ఉన్న నట్టు), అది ఊడకుండా ఆ గాట్ల గుండా కాటర్ పిన్ను వేయండి.

చివరగా ఒకరు లోపల కూర్చుని కుడి పెడల్ తొక్కితే, ఇంకొకరు తోక వెనుక నిలబడి రడ్డర్ కుడికే తిరిగిందని కళ్లారా చూడాలి. విమానం నడిపేటప్పుడు వేసుకునే బూట్లతోనే తొక్కండి.