సొంత సర్వర్ – 4వ పాఠం: మెయిల్ ఇంట్లో వద్దు

గత పాఠంలో ఇంట్లోని పాత కంప్యూటర్‌లో ఫైళ్లు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్ నడిపించాం. ఆ ఊపులో మెయిల్ కూడా అందులోనే పెట్టేద్దామని అనిపిస్తుంది. పెట్టకండి. ఫైళ్లు ఇంట్లోనే ఉండనివ్వండి. మెయిల్‌కు మాత్రం చిన్న వీపీఎస్ (హోస్టింగ్ సంస్థ డేటా సెంటర్‌లో నడిచే వర్చువల్ సర్వర్) ఒకటి అద్దెకు తీసుకోండి.

విజయవాడలో ఈ మాట ఎత్తగానే అందరూ అడిగేది కరెంటు గురించే. మే నెల మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే వచ్చే మెయిల్ పోయినట్లేనా? కాదు. మన సర్వర్ పలకకపోతే పంపిన సర్వర్ ఆ మెయిల్‌ను తన దగ్గరే ఉంచుకొని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ సర్వర్‌లో ఉన్నది పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ అయితే, సెట్టింగులు మార్చకుండా ఉంటే, 5 రోజులు చూశాకే వెనక్కి తిప్పి పంపుతుంది. కరెంటు కోతకు భయపడాల్సిన పని లేదు.

అసలు చిక్కు మూడు చోట్ల ఉంది. రౌటర్ పేజీ తెరిచి వాన్ ఐపీ (ఇంటర్నెట్ సంస్థ మీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీకంటూ పబ్లిక్ ఐపీ లేదు. ఒకే ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతున్నారు. బయటి మెయిల్ మీ దాకా రానే రాదు. గత పాఠంలో అన్నీ ఇంటి వైఫైలోనే వాడాం కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. రెండోది, సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25వ పోర్టును చాలా ఇంటర్నెట్ సంస్థలు ఇళ్ల కనెక్షన్లకు మూసి ఉంచుతాయి. మూడోది, ఇళ్లకు ఇచ్చే ఐపీలు చాలావరకు, స్పామ్‌ను అడ్డుకునే జాబితాలు నడిపే స్పామ్‌హాస్ సంస్థ వారి పీబీఎల్ జాబితాలో ఉంటాయి. ఆ ఐపీల నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ను తీసుకోవద్దని చెప్పడానికే ఆ జాబితా. మీ తప్పేమీ లేకున్నా తలుపు మూసే ఉంటుంది.

వీపీఎస్‌కు డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు వేయండి: బయటికి వెళ్లే 25వ పోర్టు తెరుస్తారా? పీటీఆర్ రికార్డు (ఈ ఐపీ ఏ పేరుదో చెప్పే నమోదు) పెట్టుకోనిస్తారా? రెండింటిలో ఏది కాదన్నా ఎంత చవకైనా వదిలేయండి. ర్యామ్, డిస్కు తర్వాత చూసుకోవచ్చు.

పీటీఆర్ దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డొమైన్ కొన్నచోట దాని కోసం వెతుకుతారు, అక్కడ ఉండదు. పేరు నుంచి ఐపీకి దారి చూపే ‘ఏ’ (A) రికార్డు డొమైన్ యజమాని చేతిలో ఉంటుంది. ఐపీ నుంచి పేరుకు దారి చూపే పీటీఆర్ మాత్రం ఆ ఐపీ ఎవరిదో వారి చేతిలో ఉంటుంది. అందుకే దాన్ని వీపీఎస్ సంస్థ ప్యానెల్‌లో పెట్టాలి, లేదా వారిని అడిగి పెట్టించుకోవాలి. మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అనే పేరు ఐపీని చూపాలి, ఆ ఐపీ మళ్లీ అదే పేరును చూపాలి, పోస్ట్‌ఫిక్స్‌లో మైహోస్ట్‌నేమ్ అనే సెట్టింగు దగ్గరా అదే పేరు ఉండాలి. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు రెండు మెయిళ్లు పంపేవారి దగ్గర కూడా ఈ పొంతన అడుగుతోంది.

ఈ పాఠాల్లో మనం ఉదాహరణగా తీసుకున్నది గుంటూరులోని ఒక మిర్చి కమీషన్ దుకాణం కదా. అది పంపే పట్టీలు (అమ్మకం లెక్కల కాగితాలు) కొనుగోలుదారుల స్పామ్‌లో పడితే వారు చూడరు, డబ్బు ఆలస్యమవుతుంది. కాబట్టి ఈ డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు పెట్టాక ఎస్‌పీఎఫ్ మరవకండి. ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పే టెక్స్ట్ రికార్డు అది. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. పాత వెబ్ హోస్టింగ్ వారు ముందే ఒకటి పెట్టి ఉంటే రెండోది చేర్చకండి, దాన్నే సవరించండి. రెండుంటే తనిఖీ చేసే సర్వర్ దాన్ని దోషంగానే లెక్కిస్తుంది.

డవ్‌కాట్ గురించి ఈరోజు చెప్పేది తక్కువ: అది మెయిల్‌ను భద్రపరిచి ఫోనుకు అందిస్తుంది. ఫోను మెయిల్ తెచ్చుకునే 993వ పోర్టు తెరిచి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే భద్రతా సర్టిఫికెట్ తగిలిస్తే చాలు.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: వీపీఎస్ నుంచి మీ జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపండి. కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. ఎస్‌పీఎఫ్ ఎదురుగా ‘పాస్’ అని ఉండాలి. లేకపోతే ముందు రికార్డులోని ఐపీని సరిచూడండి. పంపే మెయిల్‌కు డిజిటల్ సంతకం వేసే డీకిమ్ ఫలితం ఇంకా కనిపించదు. ఆ సంతకానికి కావాల్సిన తాళంచెవి 5వ పాఠంలో తయారుచేద్దాం.